ఏడో అంశం చివరి మాటలు

వేదవతిది యానాం. ఆమె తండ్రి అక్కడి బడిలో ఫ్రెంచి చెప్పేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న భాషనే హైదరాబాదులో ఎమ్మే దాకా చదివింది. సుధాకరరావుని పెళ్ళి చేసుకుని దోహాకి వచ్చేనాటికి చమురు ధర ఏటికేడు ఎగబాకుతోంది. సముద్రం ఒడ్డున మేడ పక్కన మేడ లేస్తోంది. సుధాకరరావు ఆ మేడలకి ఉక్కు చట్రాలు గీసే ఇంజనీరు. వాటిలో వెలిసిన పెద్ద హోటళ్ళలో ఎప్పుడూ ఏవో కొన్ని దేశాల సమావేశం జరుగుతుండేది. ఒకరి మాట ఇంకొకరి భాషలోకి అప్పటికప్పుడు మార్చి చెప్పే దుబాసీ పని వేదవతికి అక్కడ దొరికింది.

వాళ్ళ కాపురం అల్ మన్సూరా పేటలో, మూడో అంతస్తులో. ఇంటిపనికి సాయంగా ఉండే నర్సవ్వది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఆమె భర్త ముత్యం దోహాలోనే ఒక కేటరింగ్ కంపెనీలో వంటవాడు. వారమంతా కంపెనీ క్యాంపులో ఉండి శుక్రవారం మధ్యాహ్నం పెళ్ళాన్ని చూడటానికి వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, ఎప్పుడూ ఉతికిన చొక్కాతో కనిపించేవాడు. వచ్చి ఊరికే కూర్చోలేడు. నర్సవ్వని పక్కకి జరిపి తనే పిండి కలిపేవాడు. అతని చేతి రొట్టె కోసం సుధాకరరావు శుక్రవారాలు పొద్దున ఫలహారం మానేసేవాడు.

ఒక శుక్రవారం వేదవతి ఫోనులో ఫ్రెంచిలో మాట్లాడుతుంటే ముత్యం పిండి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ఫోను పెట్టేశాక అడిగాడు.

"గది ఏం బాసమ్మా? పాట పాడినట్టే ఉన్నది."

"ఫ్రెంచి. నీకు నేర్పనా?"

"నాకస్తదా? సరే, ఉప్పునేమంటరు?"

"సెల్."

"నీళ్ళను?"

"ఓ."

వంటింట్లోంచి నర్సవ్వ నవ్వింది. "ఓ అంటే నీళ్ళియ్యరు, ఏందని అడుగుతరు."

అలా మొదలైంది. శుక్రవారానికి నాలుగు మాటల చొప్పున ముత్యం వంటింటి ఫ్రెంచి అంతా పట్టేశాడు. పిండి, గుడ్డు, నిప్పు, చాలు, ఇంకొంచెం, దయచేసి తినండి. పలకడం కష్టమైన చోట పాడేవాడు. తండ్రి దగ్గర చదివిన పిల్లల్లో కూడా ఇంత ఇష్టంగా నేర్చుకున్నవాళ్ళు తక్కువని వేదవతి భర్తతో చెప్పింది.

ఆ మాటలే అతన్ని దూరం తీసుకెళ్ళాయి. ముత్యం కంపెనీకి అఫ్ఘానిస్తాన్ కొండల్లో ఉన్న ఒక యూరప్ సైనిక స్థావరంలో వంటశాల నడిపే కాంట్రాక్టు దొరికింది. అక్కడి సిపాయిలు ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు. వాళ్ళ భాష కాస్తయినా వచ్చినవాడు ఎవడైనా ఉన్నాడా అని క్యాంపులో అడిగితే ముత్యం చెయ్యెత్తాడు.

నర్సవ్వ రెండు రోజులు అతని ఫోను ఎత్తలేదు. మూడో రోజు అతను సెలవు పెట్టి వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"రెండేండ్లే నర్సూ. బందూకులు వాళ్ళు పట్టుకుంటరు, నేను గరిట పట్టుకుంట. మల్ల మెట్‌పల్లి బస్టాండు కాడ రొట్టెల దుకాణం పెట్టుకుందం. నువ్వు గల్లా మీద కూసో."

"గంత లడాయి జాగల నీకేం కొలువు?"

"లడాయి జేసెటోళ్ళకు ఆకలి గాదా?"

అతను వెళ్ళాడు. శుక్రవారం రావడం మాని శుక్రవారం ఫోను చెయ్యడం మొదలుపెట్టాడు. తెల్లవారేసరికి మంచు మోకాలి దాకా పడుతుందనీ, పొయ్యిగదిలో మాత్రం వెచ్చగా ఉంటుందనీ, కమాండర్ తనని 'ముస్యో ముత్యం', అంటే ముత్యంగారూ అని పిలుస్తాడనీ చెప్పేవాడు. నర్సవ్వ ఫోను స్పీకరులో పెట్టి కూరగాయలు తరుగుతూ వినేది. చివర వేదవతితో ఫ్రెంచిలో రెండు ముక్కలు మాట్లాడనిదే పెట్టేవాడు కాదు.

అతను వెళ్ళిన రెండో ఏడు, ఎండలు తగ్గుతున్న రోజుల్లో, దోహాలో ఐదు యూరప్ దేశాల రక్షణ మంత్రులు సమావేశమయ్యారు. ఐదుగురూ కలిసి పెద్ద రవాణా విమానాలు అద్దెకి తీసుకుని, వాటిని ఉమ్మడిగా నడుపుకోవాలన్నది ఆలోచన. అఫ్ఘానిస్తాన్ నుంచి సైన్యాలని వెనక్కి తెచ్చుకోవాల్సిన కాలం దగ్గరపడింది. ఆ విమానాలు దోహా మీదుగా ఎగరాలి. అందుకని ఇక్కడ కలుసుకున్నారు.

వేదవతి ఈ పని రాగానే ఒప్పుకుంది. సమావేశం గదిలో ఒక మూల దుబాసీల కోసం కట్టిన గాజుగదిలో ఆమెతో పాటు కూర్చునేది హుస్సేన్. ట్యునీసియా మనిషి, తల నెరిసినవాడు, ఈ వృత్తిలో ఆమెకి గురువులాంటివాడు. అరగంట ఒకరు, అరగంట ఒకరు మైకు దగ్గర మాట్లాడతారు. వేదవతి మొదటిసారి అతని పక్కన కూర్చున్నప్పుడు అతను చెప్పింది ఒక్కటే. "వాళ్ళు నేను అంటే నువ్వూ నేను అనాలి. ఆయన అంటున్నాడు అనకూడదు. ఆ గదిలో నువ్వు లేవు."

మొదటి రెండు రోజులు మాటలు ఒకే చోట తిరిగాయి. విమానాలు ఎవరి ఆజ్ఞ మీద ఎగరాలి?

ఫ్రెంచి మాట్లాడే బృందానికి నాయకురాలు అరవై ఏళ్ళ మంత్రి. జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. మాటకీ మాటకీ మధ్య ఏదో బిళ్ళ చప్పరించేది. "మన విమానాలకి మన కార్యాలయం ఉండాలి. ప్రతిసారీ అట్లాంటిక్ అవతలికి ఫోను చేసి, వాళ్ళు నిద్ర లేచేదాకా కాచుకుని, అప్పుడు తలుపు తీసుకోవడం ఇంకెన్నాళ్ళు?" అంది.

ఉత్తరాది దేశం మంత్రి మెల్లగా మాట్లాడే మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, "తలుపు వాళ్ళది కాదు నిజమే. ఇంటికి నిప్పంటుకుంటే వచ్చేది మాత్రం వాళ్ళే. మనకి వేరే కార్యాలయం ఉందని తెలిస్తే, ఇక మీరే చూసుకోండని వెళ్ళిపోయే మనుషులు వాళ్ళ రాజధానిలో చాలామంది ఉన్నారు," అన్నాడు.

తూర్పు సరిహద్దు మీదుండే చిన్న దేశం మంత్రి అంతసేపూ విని, "మీ ఇద్దరి వాదన తేలేదాకా మా సరిహద్దు దాటాలనుకునేవాడు ఆగడు," అన్నాడు.

అమెరికావాళ్ళు ఆ గదిలో లేరు. వాళ్ళ పెద్ద విమానస్థావరం మాత్రం నగరం వెలుపలే ఉంది. గదిలో ఉన్నవాళ్ళంతా గోడ అవతల వాళ్ళు వింటున్నట్టే మాట్లాడారు.

ఒప్పందంలో ఏడో అంశం ఫ్రెంచి బృందం నాయకురాలు రెండేళ్ళు పట్టుబట్టి రాయించింది. ఆపద వస్తే ఈ విమానాలు స్థావరాల నుంచి ఎవరెవరిని తీసుకురావాలో అందులో ఉంది. సైనికులు, ఆయా దేశాల ఉద్యోగులు, స్థావరాల్లో పనిచేసే ఇతర దేశాల కాంట్రాక్టు పనివాళ్ళు. మొదటి రోజు ఆ చివరి మాటల్ని ఇంగ్లీషులో చెబుతున్నప్పుడు వేదవతికి ముత్యం గుర్తొచ్చాడు. గొంతులో తెలియకుండానే ఒక వెచ్చదనం వచ్చింది. హుస్సేన్ ఓరగా చూశాడు.

మూడో రోజు భోజనాల తర్వాత ఉత్తరాది మంత్రి కొత్త మాట తెచ్చాడు.

"కార్యాలయం యూరప్‌లోనే పెట్టుకుందాం. నేను ఒప్పుకుంటాను," అన్నాడు. గదిలో కుర్చీలు కదిలాయి. "కాని మన విమానాలు అమెరికావాళ్ళూ, వాళ్ళ విమానాలు మనమూ వాడుకోవాలంటే నిబంధనలు ఒకేలా ఉండాలి. కాంట్రాక్టు పనివాళ్ళని మోసుకొచ్చే బాధ్యత అమెరికా తన మీద పెట్టుకోలేదు. వాళ్ళ సంగతి వాళ్ళ కంపెనీలు చూసుకుంటాయి. మనమూ అలాగే ఉంచుదాం. ఏడో అంశంలో చివరి మాటలు తీసేస్తే, ఈ సాయంత్రమే సంతకాలు చేద్దాం."

ఆ అరగంట హుస్సేన్‌ది. అతను ఆ మాటల్ని ఫ్రెంచిలోకి మార్చి మైకు ఆపాడు. తరువాతి వంతు వేదవతిది. ఆమె మైకు ముందుకి జరిగింది.

ఫ్రెంచి బృందం నాయకురాలు పక్కకి వంగింది. పక్కనున్న సలహాదారు ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నీళ్ళు తాగింది. గాజు వెనక నుంచి వేదవతి ఆమె నోటినే చూస్తూ కూర్చుంది. కుదరదు అంటుందేమో. రెండేళ్ళుగా దీని కోసం కొట్లాడిన మనిషి, కుదరదనే అంటుంది అనుకుంది.

"ఆ మాటలు మేము వదులుకుంటున్నాం," అంది నాయకురాలు.

చెవుల్లో ఫ్రెంచి పడింది. నోట్లోంచి ఇంగ్లీషు రాలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చెవులకున్న వైర్లు సర్దుకున్నారు. ఒకరిద్దరు తల తిప్పి గాజుగది వైపు చూశారు. హుస్సేన్ చెయ్యి మైకు మీట వైపు కదిలింది. అప్పుడు చెప్పింది వేదవతి. స్పష్టంగా, తప్పు లేకుండా, నాయకురాలు అన్నట్టే. మేము వదులుకుంటున్నాం.

గదిలో చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి నర్సవ్వ టీవీ ముందు నిలబడి ఉంది. ఐదుగురు మంత్రులూ చేతులు కలిపి నవ్వుతున్న బొమ్మ చూపిస్తున్నారు.

"గిదేనా అమ్మా నీ మీటింగు? పని మంచిగైందా? అందరు నవ్వుతున్నరు."

"అయింది," అంది వేదవతి. తలనొప్పి అని చెప్పి గదిలోకి వెళ్ళింది. సుధాకరరావు వచ్చి మంచం మీద పక్కన కూర్చున్నాడు. ఆమె అంతా చెప్పింది. గదిలో విన్నది బయట చెప్పకూడదన్న ప్రమాణం ఆమె తప్పడం అదే మొదటిసారి.

"నర్సవ్వతో చెప్పేస్తానండీ."

"చెప్పి ఏం చేస్తావు? నీ ఉద్యోగం పోవడం తప్ప దానివల్ల ఏమన్నా మారుతుందా? వాళ్ళ సైన్యం వచ్చే ఏడు గాని బయల్దేరదు. అప్పటికి అతని రెండేళ్ళూ అయిపోయి వచ్చేస్తాడు."

"ఆలోపు ఏమన్నా అయితే?"

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు అనకపోతే ఆ హుస్సేన్ అనేవాడు కదా," అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. ఆమెకి ఓదార్పు కలగలేదు.

మర్నాడు వీడ్కోలు ఫలహారాలు. దుబాసీలు ప్రతినిధులతో తమ సొంత మాట మాట్లాడకూడదు. అయినా వేదవతి నడవాలో నాయకురాలి కోసం నిలబడింది.

"మదాం, నేను మీ దుబాసీని."

ఆమె ఆగింది. "మీ గొంతు గుర్తుపట్టాను. ఈ జలుబులో నాకంటే మీరే నయంగా మాట్లాడారు," అని నవ్వింది.

"మీ సిపాయిలకి రొట్టె కాల్చే వంటవాడి భార్య మా ఇంట్లో ఉంటుంది మదాం. అతనికి ఫ్రెంచి నేర్పింది నేను. నిన్న వదిలేసిన మాటల్లో అతను ఉన్నాడు."

నాయకురాలి ముఖంలో నవ్వు పోయింది. సలహాదారు ముందుకి రాబోతే చేత్తో ఆపింది. అతని పేరు అడిగింది. ముత్యం అని వేదవతి చెబితే రెండుసార్లు పలకబోయి తప్పింది.

"ఆ మాటల కోసం నేను రెండేళ్ళు కొట్లాడాను. నిన్న వదలకపోతే అసలు విమానాలే లేవు. మా కుర్రాళ్ళకీ లేవు. ఏది వదలాలో ఎవరో ఒకరు తేల్చాలి కదా." కాస్త ఆగి, "అక్కడి కమాండర్‌కి నేను స్వయంగా రాస్తాను. అతను మంచివాడు," అంది.

వేదవతికి ఆమె మీద కోపం తెచ్చుకోవాలనిపించింది. రాలేదు. నాయకురాలి కళ్ళ కింద నల్లగా ఉంది, చేతిలో బిళ్ళల డబ్బా ఉంది. ఎక్కడో ఆమెకీ ఒక ఇల్లుంటుంది. సలహాదారు మాత్రం జరిగింది నిర్వాహకులకి చెప్పాడు. ఆ వారంలోనే వేదవతిని దుబాసీల బృందం నుంచి తప్పించారు. హుస్సేన్ ఫోను చేసి, "నీ చోట నేనున్నా ఆవిడతో మాట్లాడకుండా ఆగేవాడిని కాదేమో. కాని నన్ను అడిగితే ఆగమనే చెప్పేవాడిని," అన్నాడు.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. వేదవతి నర్సవ్వని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. విమానాలు, ఐదు దేశాలు, అమెరికాతో పేచీ, చివరి మాటలు. నర్సవ్వ ఒళ్ళో చేతులు పెట్టుకుని విన్నది.

"అంటే, లడాయి మీదికస్తే మావోన్ని ఇడిసిపెట్టి పోతరా?"

"కంపెనీ చూసుకోవాలని అన్నారు."

"నువ్వాడనే ఉంటివి గదమ్మా. ఒక్కడు మావోడున్నడని చెప్పకపోయినవా?"

"అక్కడ నా మాట ఉండదు నర్సవ్వా. వాళ్ళ మాటే నేను చెప్పాలి."

"మరి ఇడిసిపెడ్తమని ఎవలన్నరు?"

"ఆవిడ తన భాషలో అంది. మిగిలినవాళ్ళు విన్నది నా నోటితో."

నర్సవ్వ లేచి వెళ్ళి స్టవ్ మీద పాలు దింపింది. వారం రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. వేదవతి కాఫీ కలుపుకోబోతే మాత్రం గిన్నె చేతిలోంచి తీసుకుని తనే కలిపిచ్చేది.

ముత్యం ఫోను చేసినప్పుడు నర్సవ్వ వచ్చెయ్యమంది. అతను నవ్వాడు.

"ఎట్లస్తనే? పాస్‌పోర్ట్ కంపెనీ తాన ఉన్నది. నడుమ ఇడిసిపెట్టి వస్తే టికెట్టు పైసలు నా మీదనే పడ్తయి. ఇంక నాల్గు నెలలే. కమాండర్ సాబ్ నాకు మాటిచ్చిండు, మేం పోతే నువ్వు కూడ మాతోనే అన్నడు. అమ్మకియ్యి ఫోను."

వేదవతి ఫోను అందుకుంది. "ముత్యం, నా మాట విను. కంపెనీతో ఇప్పుడే మాట్లాడుకుని వచ్చెయ్యి. టికెట్టు మేం కొంటాం."

"అమ్మా, గీ సిపాయిలు చిన్న పోరగాండ్లు. పొద్దున నా రొట్టె లేకుంటే మొఖాలు గుంజుకుంటరు. ఇడిసిపెట్టి వచ్చుడు బాగుండదు." అని, ఫ్రెంచిలో, "చింతించకండి మేడం," అన్నాడు. ఉచ్చారణ చక్కగా కుదిరింది. ఎవరో ఆ మాట అతనికి అక్కడ కొత్తగా నేర్పారు.

వేదవతి కంపెనీ ఆఫీసుకి కూడా వెళ్ళింది. సుధాకరరావుని వెంటబెట్టుకుని నజ్మా పేటలో ఉన్న రెండు గదుల ఆఫీసులో రెండుసార్లు కూర్చుంది. అక్కడి మేనేజరు టీ ఇచ్చాడు, చూద్దామన్నాడు. స్థావరం ఖాళీ చేసేటప్పుడు అందరినీ క్షేమంగా తెస్తామని చేతులు జోడించి మరీ చెప్పాడు.

స్థావరం అనుకున్నదానికంటే ముందే ఖాళీ అయింది. జనవరిలో దాని మీద రాకెట్లు పడ్డాయి. టీవీలో వార్త రెండు ముక్కల్లో వచ్చి పోయింది. ముత్యం ఫోను మూడు రోజులు కలవలేదు. నర్సవ్వ ఫోనుని కొంగున ముడేసుకుని తిరిగింది. కంపెనీ ఆఫీసులో అందరూ బయల్దేరారని మాత్రం చెప్పారు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోను మోగింది. నర్సవ్వది కాదు, వేదవతిది. తెలియని నంబరు.

"మదాం వేదవతి?" ఫ్రెంచిలో మగ గొంతు. తాను స్థావరం కమాండర్‌నన్నాడు. "మీ నంబరు ముత్యం నాకు ఇచ్చాడు. అతని భార్య మీ దగ్గరున్నారా?"

"ఉన్నారు."

"ఆమెతో నేను మాట్లాడాలి. నేను చెప్పింది చెప్పినట్టు మీరు చెప్పగలరా? మీరు అదే పని చేస్తారని అతను అన్నాడు."

నర్సవ్వ అప్పటికే వచ్చి ఎదురుగా కూర్చుంది. సుధాకరరావు పక్క గదిలోంచి వచ్చి గోడనానుకుని నిలబడ్డాడు. వేదవతి ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది.

కమాండర్ ఒక్కొక్క వాక్యం చెప్పి ఆగాడు. వేదవతి ఒక్కొక్కటే తెలుగులో చెప్పింది. అలవాటు మీద మొదటి మాట నుంచే 'నేను' అనే చెప్పింది.

"నేను ముత్యం పనిచేసిన చోట కమాండర్‌ని. నేను చెప్పబోయేది చాలా చెడ్డ కబురు. నీ భర్త మొన్న పొద్దున చనిపోయాడు."

నర్సవ్వ కదల్లేదు. "ఎట్ల?" అంది. వేదవతి అది ఫ్రెంచిలో అడిగింది.

"విమానాలు వచ్చాయి. మా వంటవాళ్ళని ఎక్కించమని నేను రెండుసార్లు అడిగాను. ఎక్కించే అధికారి నా కింద పనిచేసేవాడు కాదు. నిబంధనలో వాళ్ళు లేరన్నాడు. మంత్రిగారు నాకు రాసిన ఉత్తరం చూపించాను. ఉత్తరం నిబంధన కాదన్నాడు. కంపెనీ ట్రక్కులు వాళ్ళని రోడ్డు మీద తీసుకెళ్ళాయి. దారిలో బాంబు పెట్టారు."

చివరి వాక్యం దగ్గర వేదవతి ఆగిపోయింది. నర్సవ్వ ముందుకి వంగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "చెప్పమ్మా. ఏమంటుండో చెప్పు." వేదవతి చెప్పింది.

"విమానంల జాగ ఉండెనా అడుగు," అంది నర్సవ్వ.

వేదవతి అడిగింది. అవతల ఎక్కడో ఇంజను చప్పుడు వినబడింది.

"ఉంది," అన్నాడు కమాండర్. "పదిమందికి సరిపడా ఉంది."

వేదవతి నర్సవ్వ వైపు చూసింది. తెలుగులో ఆ మాట చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. జాగ ఉందని నర్సవ్వకి ఆ ముఖమే చెప్పింది.

"ఆయన తిన్నడా అడుగు. పొయ్యేముందు."

"తిన్నాడు," అన్నాడు కమాండర్. "ఆ పొద్దున కూడా మా అందరికీ కాల్చి పెట్టాడు. మా కుర్రాళ్ళు విమానంలో తిన్నది అతని రొట్టే." తరువాత అతను ఇంకేదో అనబోయి ఏడ్చాడు. దాన్ని ఏ భాషలోకీ మార్చే పని లేకపోయింది.

నర్సవ్వ ఫోను వైపు తలాడించింది, అవతలివాడికి కనిపిస్తుందన్నట్టు. ఆ తర్వాత లేచి వంటింట్లోకి నాలుగడుగులు వేసి, అక్కడ గడప మీద కూలబడి ఏడ్చింది. వేదవతి వెళ్ళి పక్కన కూర్చుంది. నర్సవ్వ ఆమెని తోసెయ్యలేదు. ఆమె భుజం మీద తల పెట్టలేదు కూడా. సాయంత్రం దాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

శవం కాబూల్ నుంచి ఢిల్లీ మీదుగా హైదరాబాదు వచ్చింది. నర్సవ్వతో పాటు వేదవతి కూడా వెళ్ళింది. శంషాబాద్ నుంచి అంబులెన్సు వెనకే కారులో పల్లె చేరారు. పెట్టె మూత తియ్యొద్దని ముందే చెప్పారు. ఊళ్ళోవాళ్ళు పెట్టె మీదే చేతులు వేసి ఏడ్చారు.

ముత్యాన్ని పెంచింది అతని అక్క ఎల్లవ్వ. తల్లి పోయినప్పటి నుంచి ఎత్తుకు తిప్పిన మనిషి. దహనం అయిపోయి జనం పలచబడ్డాక ఆమె వాకిట్లో నర్సవ్వ పక్కన చతికిలబడింది. ఆమెకి పై దేశాలన్నీ దుబాయే.

"దుబాయ్ల ఏమైంది పిల్లా? వాడు వండేందుకు గదా పోయిండు. వాన్నెందుకు సంపిన్రు? గంతమంది దొరలు, గన్ని విమానాలు ఉండంగ, మావోన్నెందుకు తోల్కరాలేదు?"

వేదవతి పక్కనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించింది. ఐదు దేశాలు కార్యాలయం కోసం పోట్లాడుకున్నాయని చెప్పాలి. అమెరికాకి కోపం వస్తుందేమోనన్న భయం చెప్పాలి. ఒకరు ఒకటి వదిలితే ఇంకొకరు ఇంకొకటి వదిలారని చెప్పాలి. తండ్రి నేర్పిన భాషలోనూ, పుట్టిన భాషలోనూ ఆమెకి మాట కూడలేదు.

నర్సవ్వే చెప్పింది. వదిన మొఖంలోకి చూడకుండా, ఆమె జారిన కొంగు భుజం మీదికి సర్దుతూ.

"విమానంల జాగ లేకుండె వదినె. సిపాయిలతోనే నిండిపోయిందట. ఉంటే ఎక్కించుకునేటోళ్ళే. కమాండర్ సాబ్ మంచోడు."

"జాగ లేకపోతే వాళ్ళు మాత్రం ఏం జేస్తరు," అని ఎల్లవ్వ తనలో తను అనుకుంది. అంతలోనే వేదవతి వైపు తిరిగింది. "గంతేనా అమ్మా? నువ్వు సదువుకున్నదానివి, ఆల్ల మాటలన్ని నీకెర్కంట గదా. జాగ లేకుండెనా నిజంగ?"

నర్సవ్వ తలెత్తి వేదవతిని చూసింది. ఆ చూపులో నింద లేదు. బతిమాలడం ఉంది.

"లేదమ్మా," అంది వేదవతి. "జాగ లేదు."

ఎల్లవ్వ తలూపి, చెంపలు తుడుచుకుని, దూరం నుంచి వచ్చినవాళ్ళకి నీళ్ళియ్యమని లోపలికి కేక వేసింది.